గనికిని గురుపీఠమునకును నడుమ

2024 జూలై మాసములో, తొంబదియేండ్లు నిండిన వయస్సున కన్నుమూసిన ఎవర్ట్ హోక్ అను ఆచార్యుని పేరు, గనుల ఇంజనీరింగు చదివినవారికిని సొరంగములు త్రవ్వించువారికిని తప్ప, మన పాఠకలోకమునకు పరిచితమైనది కాదు. అయినను మణుగూరు మొదలు బెల్లంపల్లి వరకు గోదావరి లోయలో నేడు బొగ్గు తీయుచున్న తావులలో, ఈ రాయి ఎంత బరువునకు ఓర్చును, ఈ గోడను ఎంత నిటారుగా కోయవచ్చును అని కంప్యూటరు ముందు కూర్చుండి లెక్కకట్టు ఇంజనీరు, తానెరిగియో ఎరుగకయో, ఆ లెక్కలో ఏదో యొక మెట్టున హోక్ నేర్పిన సూత్రమును ఆశ్రయించుచునే యుండును.

ఆయన గాథను ఇప్పుడు తలచుకొనుటకు నివాళికి మించిన కారణము కలదు. కొత్తగూడెములో దశాబ్దములుగా గనుల విద్యను బోధించుచు వచ్చిన కళాశాల ఇటీవలనే భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగా ఉన్నతి నొందినది. భవనములు లేచును, శాఖలు ఏర్పడును, ఆచార్య పదవులకు ప్రకటనలు వెలువడును. ఆ పదవులలో ఎట్టివారిని కూర్చుండబెట్టవలెను, కూర్చున్నవారిని ఏ కొలతతో కొలువవలెను అను ప్రశ్నను ఇప్పుడే అడుగనిచో, నియామకములు ముగిసిన పిదప అడిగి ప్రయోజనముండదు. గనుల భూసాంకేతిక శాస్త్రమును బోధించువాని జీవితము సగము గనిలోను సగము తరగతిలోను గడువవలెనని, ఆ రెంటి నడుమ రాకపోకలకు తలుపు ఇరువైపులను తెరచియుండవలెనని, అన్నిటికంటె ముఖ్యముగా, గనులలో కూలిన ప్రతి కప్పు యొక్క వృత్తాంతము వానికి అందవలెనని నా నిశ్చితాభిప్రాయము. ఈ యభిప్రాయమునకు హోక్ జీవితముకంటె మేలైన సాక్ష్యము నాకు కానరాదు.

1933లో, నాడు దక్షిణ రొడీషియా యనబడిన నేటి జింబాబ్వేలో జన్మించిన హోక్ మొదట చదివినది గనుల శాస్త్రము కాదు. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయమున ఆయన అభ్యసించినది మెకానికల్ ఇంజనీరింగు. 1958లో దక్షిణాఫ్రికా శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలిలో చేరినప్పుడు ఆయనకు అప్పగింపబడిన సమస్య, లోతైన బంగారు గనులలో రాయి ఉన్నట్టుండి తునాతునకలై పేలి, ఎదుట పనిచేయు కార్మికులను పొట్టనబెట్టుకొనుటకు కారణమేమన్నది. భూమిలోనికి దిగుచున్న కొలది పైనున్న రాతి బరువు మీటరు మీటరునకు పెరుగుచుండును. వేయి మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరుపైనను ఇంచుమించు 275 కిలోల భారము పడును, మూడు కిలోమీటర్ల లోతున ఆ భారము 800 కిలోలు దాటును. అట్టి ఒత్తిడిలో యుగయుగములుగా బిగిసియున్న రాతి నడుమ మనుష్యుడు ఒక ఖాళీని తెరచినంతనే, అంతవరకు ఆ చోటు మోయుచుండిన బరువంతయు ప్రక్కనున్న రాతిపైకి మరలును. ఆ రాయి ఓర్చుకొన్న సరి, ఓర్వకున్న విస్ఫోటనమే. మన పొరుగుననే, మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు దిగి 2001లో మూతపడిన కోలారు బంగారు గనులలో, తరతరముల కార్మికులు ఈ రాతి పేలుళ్లను ఎరుగుదురు. దేశమునకు జాతీయ శిలాయాంత్రిక సంస్థ 1988లో ఆ కోలారు గనుల పట్టణముననే ఏర్పడుట సహజమే గదా.

హోక్ ఆ పనిలో ప్రవేశించిన కాలమున రాతి ప్రవర్తనను గూర్చిన శాస్త్రము ఇంకను పాలుత్రాగు ప్రాయముననే యుండెను. ఉక్కును గూర్చి, కాంక్రీటును గూర్చి ఇంజనీర్లకు నిశ్చితమైన పట్టికలు ఉండెనే కాని, మనుష్యుడు తయారుచేయని, పగుళ్లతోను నీటితోను నిండిన, ఒక గజము నుండి మరియొక గజమునకు స్వభావము మారిపోవు పదార్థమును లెక్కలో బంధించుట ఎట్లో ఎవరికిని సరిగా తెలియకుండెను. ఆ యజ్ఞానమునకు ప్రపంచము చెల్లించిన మూల్యము కొద్ది కాదు. 1959 డిసెంబరు 2వ తేదీన ఫ్రాన్సులోని మాల్పాసే ఆనకట్ట, క్రిందనున్న రాతి పునాది కదలిపోవుటచే తెగి, నాలుగు వందల మందికి పైగా జనము నీటిపాలైరి. 1963 అక్టోబరు 9వ తేదీ రాత్రి ఇటలీలోని వయోంత్ జలాశయములోనికి కొండచరియ ఒక్కపెట్టున జారి, ఎగసిన నీరు ఆనకట్టపై నుండి దుమికి, సుమారు రెండువేల మందిని ఊళ్లతో సహా తుడిచిపెట్టెను. ఈ రెంటి నడుమ, 1962లో, సాల్జ్‌బర్గ్ నగరమున అంతర్జాతీయ శిలాయాంత్రిక సంఘము స్థాపితమయ్యెను. దాని తొలి అధ్యక్షుడు లియోపోల్డ్ ముల్లర్. వయోంత్ చరియను పరిశీలించిన సలహాదారులలో ఆయనయు నొకడు. తాము నిర్మింపబూనిన శాస్త్రము ఎంత అసంపూర్ణమో ఎరిగియే ఆ తరమువారు దానిని నిర్మించిరి.

గనులకు సంబంధించినంతవరకు ఆ తరమును కలచివేసిన దుర్ఘటన కోల్‌బ్రూక్. 1960 జనవరి 21వ తేదీన దక్షిణాఫ్రికాలోని ఆ బొగ్గుగనిలో, కప్పును మోయుటకై వదలిన వందలాది పిల్లర్లు ఒకదాని వెనుక నొకటిగా నలిగి కూలిపోయెను. 430 మందికి పైగా కార్మికులు లోపలనే సమాధియైరి. ఒక్క పిల్లరు విరిగినప్పుడు దాని బరువు ఇరుగుపొరుగు పిల్లర్లపై పడును. అవియును అంచున నిలిచినవే యైనచో ఆ పతనము గని చివరిదాక ప్రాకును. పిల్లరును ఎంత వెడల్పున వదలవలెనన్నది నాటివరకు అనుభవజ్ఞుల అంచనా. అది ఒక్క దినమున ఇందరిని బలిగొనెను.

మిక్లోష్ సలమోన్ అను మరియొక ఆచార్యుడు ఇక్కడ మనకు తారసపడును. హంగెరీలో పుట్టి, 1956 నాటి తిరుగుబాటు విఫలమైన పిదప దేశము విడిచి, ఇంగ్లండులో చదివి దక్షిణాఫ్రికా చేరిన ఈయన, కోల్‌బ్రూక్ అనంతరము చేసిన పని చూచుటకు అతి సామాన్యముగా తోచును. బొగ్గు ముక్కలను ప్రయోగశాలకు తెచ్చి నలుగగొట్టి చూచుటతో తృప్తి చెందక, దేశములోని గనులలో నిలిచియున్న పిల్లర్ల వివరములు 98, కూలిన పిల్లర్ల వివరములు 27 సేకరించి, వాటి వెడల్పు, ఎత్తు, లోతు నమోదుచేసి, ఏ కొలతల వద్ద పిల్లరు నిలుచుచున్నదో, ఏ కొలతల వద్ద కూలుచున్నదో గణితముచే తేల్చెను. మన్రో అను సహచరునితో కలసి 1967లో ప్రకటించిన ఆ సూత్రము ఒక దేశపు బొగ్గు పరిశ్రమకే దిక్సూచియయ్యెను. పిల్లరు వెడల్పు పెరిగినంత వేగముగా దాని బలము పెరుగదని, ఎత్తు పెరిగిన కొలది బలము త్వరితముగా క్షీణించునని, కావున రెండవ పర్యాయము వచ్చి అడుగు బొగ్గును కూడ తీసికొందమనుకొను యజమాని ఎంతటి ప్రమాదమును కొనితెచ్చుకొనునో ఆ సూత్రము అంకెలలో చూపెను. నిలిచిన తొంబదియెనిమిదింటికంటె కూలిన ఇరువదియేడు ఆ సూత్రమునకు ఎక్కువ విలువను చేకూర్చినవి. అవి లేనిచో బలమునకు హద్దు ఎక్కడనో తెలియు మార్గమే లేదు. కూలిన స్థలముల వివరములను గనుల యజమానులు దాచుకొనకుండ ఇచ్చుటవలననే ఆ పని సాధ్యమైనది. దీనిని పాఠకులు గుర్తుంచుకొనవలెనని నా మనవి. మరల ఈ విషయమునకే రావలసియున్నది.

హోక్ 1965లో రాతి విచ్ఛేదమును గూర్చి కేప్‌టౌన్‌లో డాక్టరేటు పొంది, మరుసటి సంవత్సరము లండనులోని ఇంపీరియల్ కళాశాల ఆహ్వానముపై అక్కడకు పోయి, శిలాయాంత్రిక శాస్త్రమునకు ఒక కేంద్రమును నెలకొల్పి, 1970లో ఆచార్యుడయ్యెను. ఆ కేంద్రము పనిచేసిన తీరు నేడు మన విశ్వవిద్యాలయములకు ఆదర్శప్రాయము. అనేక గని సంస్థలు కలసి ధనమిచ్చెను. ధనముతో పాటు తమ గనులలోని వాలులను, చీలికలను, జారిపడిన చరియలను పరిశీలించుకొనుటకు అనుమతి నిచ్చెను. ఆ పరిశీలనల ఫలమే జాన్ బ్రే అను సహచరునితో కలసి 1974లో ఆయన వెలువరించిన రాతి వాలుల గ్రంథము. ఓపెన్‌కాస్టు గని గోడను ఒక్క డిగ్రీ తక్కువ నిటారుగా కోసిన యెడల లక్షలాది టన్నుల మట్టిని అదనముగా తీయవలసివచ్చును. ఒక్క డిగ్రీ ఎక్కువ నిటారుగా కోసిన యెడల గోడ జనులపై పడవచ్చును. ఈ రెంటి నడుమ నిలిచి నిర్ణయము చేయవలసిన ఇంజనీరునకు చేతిలో పట్టుకొని పోదగిన పుస్తకము అంతకుముందు లేకుండెను. 1980లో టెడ్ బ్రౌన్ అను ఆస్ట్రేలియా ఆచార్యునితో కలసి వ్రాసిన భూగర్భ త్రవ్వకముల గ్రంథము రెండవది. హోక్–బ్రౌన్ సూత్రమని నేడు ప్రపంచమంతటను వ్యవహరింపబడు శిలా బల నియమము ఆ యేటనే లోకమునకు వెల్లడియయ్యెను.

ఈ సూత్రము పుట్టుక తెలిసికొనదగినది. ప్రయోగశాలలో పరీక్షించు రాతి ముక్క సాధారణముగా ఐదు సెంటీమీటర్ల వ్యాసముగల చిన్న స్తంభము; బోరు వేసి తీయునప్పుడు నలిగి ముక్కలైన రాయి పరీక్షవరకు రానే రాదు, చెక్కుచెదరక వచ్చినదే బల్లపైకి ఎక్కును. గనిలో కప్పుగా నిలిచిన రాయి యన్ననో, పగుళ్లతో, పొరలతో, మట్టి నిండిన సందులతో కూడిన సముదాయము. చిన్న ముక్క బలమునుండి ఈ సముదాయపు బలమును ఊహించుటయే ఈ శాస్త్రములోని ప్రధాన క్లేశము. బూగెన్‌విల్ ద్వీపమునందలి పాంగునా రాగి గని నుండి తెచ్చిన, పగుళ్లతో నిండిన ఆండెసైటు రాతిని, ఆరంగుళముల వ్యాసముగల పెద్ద నమూనాలుగా, ఆస్ట్రేలియాలో జేగర్ అను శాస్త్రజ్ఞుడు అంతకుముందే పరీక్షించి యుండెను. పగిలిన రాతిని ఆ శ్రద్ధతో పరీక్షించిన దత్తాంశము అప్పటికి అత్యల్పము. హోక్, బ్రౌన్‌లు తమ సూత్రమును పగిలిన రాతికి వర్తింపజేయుటకు దానిపై ఎంతో ఆధారపడిరి. ఒక ద్వీపపు రాతితో ఆరంభమైన సూత్రము ప్రపంచమందలి సమస్త శిలలకును ఎట్లు వర్తించునని విమర్శకులు అడుగవచ్చును. ఆ రచయితలే తొలుత అడిగిరి. అందుచేతనే ఆ సూత్రము 1983, 1988, 1995, 2002 సంవత్సరములలో సవరింపబడుచు వచ్చెను. ఎనుబదియైదేండ్ల వయస్సున హోక్, తన పాత సహచరుడు బ్రౌన్‌తో కలసి, 2018 నాటి రూపము నొకదానిని సిద్ధపరచెను. త్రవ్వకమున వాడిన మందుగుండుచే చుట్టునున్న రాయి ఎంత చెడినదో తెలుపు గుణకమును తరువాతి రూపములలో చేర్చిరి. తాను కనుగొన్నదానిని నలువదియేండ్లు తానే దిద్దుకొనుచుండుట శాస్త్రమున అరుదైన శీలము. దానిని నేను ఆయన బిరుదులన్నిటికంటె ఎక్కువగా గౌరవింతును.

ఆ సవరణలకు మూలమెక్కడిది? ఇచ్చటనే ఆయన వృత్తిజీవితపు మలుపులు మనకు పాఠములగును. 1970లో ఆచార్యపీఠ మెక్కిన హోక్, ఐదేండ్లు గడచినంతనే, 1975లో, ఆ పీఠమును వదలి కెనడాలోని వాంకూవరు నగరమున ఒక ఇంజనీరింగు సలహా సంస్థలో చేరెను. అట పండ్రెండేండ్లు గనులలోను, సొరంగములలోను, ఆనకట్టల పునాదులలోను తిరిగి, 1987లో టొరాంటో విశ్వవిద్యాలయమున పరిశ్రమల సాయముతో ఏర్పడిన పరిశోధనాచార్య పదవికి మరలి వచ్చెను. అక్కడ ఆయన బృందము తయారుచేసిన లెక్కల ప్రోగ్రాములు నేడు గనుల కార్యాలయములలో నిత్యవ్యవహారము. 1993లో మరల విశ్వవిద్యాలయమును విడిచి స్వతంత్ర సలహాదారుడయ్యెను. సలహాదారుడైన తరువాతనే, 1990ల నడుమ, రాతిని కంటితో చూచి దాని పగుళ్ల అమరికను, వాటి ముఖముల స్థితిని బట్టి ఒక అంకె నిచ్చు భూబల సూచికను రూపొందించెను. ఆ సూచిక వెలుపలి తావులలో, వానలో, సొరంగపు ముఖమున నిలుచుండి నోటుపుస్తకములో వ్రాసికొనువారికొరకే పుట్టినది. హిమాచల ప్రదేశములోని నాథ్పా ఝాక్రీ జలవిద్యుత్ సొరంగపు కష్టములు సైతము ఆయన పాఠములలో ఉదాహరణముగా చోటుచేసికొన్నవి. ఆ పాఠములనన్నిటిని ఒక బృహద్గ్రంథముగా కూర్చి, ఎవరైనను ఉచితముగా చదువుకొనునట్లు లోకమునకు వదలెను; పుస్తకము కొనజాలని విద్యార్థికి అది ఎంతటి ఉపకారమో వేరుగ చెప్పవలసిన పనిలేదు.

అనగా, ఈ మహనీయుడు పీఠమును రెండుమారులు ఎక్కి, రెండుమారులు దిగెను. 1983లో భూసాంకేతిక రంగమున అత్యున్నతమైన రాంకిన్ ఉపన్యాసమును పగిలిన రాతి బలముపై ఇచ్చునాటికి ఆయన ఏ విశ్వవిద్యాలయమునను ఆచార్యుడు కాడు; సలహా సంస్థలో ఇంజనీరు. 1991లో ముల్లర్ పురస్కార సందర్భమున ఆయన ఎన్నుకొన్న విషయము, రాతిలో చేసిన నిర్మాణ ప్రణాళికను ఎప్పుడు అంగీకరింపదగినదని చెప్పవచ్చును అన్నది. గ్రంథాలయమున కూర్చుండినవానికి ఆ ప్రశ్న తోచదు. సంతకము పెట్టవలసినవానికే తోచును.

ఇక మన పరిస్థితిని చూడుడు. మన విశ్వవిద్యాలయములలో సహాయాచార్యుడుగా చేరినవాడు ఆచార్యుడగుటకు ప్రకటించిన పత్రముల సంఖ్య ప్రధాన సోపానము. ఇరువదియేడు కూలిన పిల్లర్లను గనిగని తిరిగి కొలుచుటకు నాలుగేండ్లు వెచ్చించి ఒకే యొక పత్రము ప్రకటించువాడు, నాలుగు గోడల నడుమ కంప్యూటరుపై కల్పిత గనులను కూల్చి పదిపత్రములు ప్రకటించువానికంటె వెనుకబడుట ఈ లెక్కలో అనివార్యము. కల్పిత గణనలకు విలువ లేదనుట నా ఉద్దేశము కాదు. అసలు గని ఎట్లు కూలినదో ఎరుగనివాడు కల్పిత గని కూలిన తీరు సరియైనదో కాదో ఎట్లు తెలిసికొనగలడన్నదే నా ప్రశ్న. మెకానికల్ పట్టముతో వచ్చిన హోక్ మన నియామక మండలి యెదుట నిలిచియుండిన యెడల, సంబంధిత శాఖలో పట్టము లేదను ఒక్క కారణముచే వానిని వెనుకకు పంపివేయుటకే అవకాశము మెండు. ఐదేండ్లకు పీఠము వదలి, పండ్రెండేండ్లకు మరల వత్తునన్నచో, ఆ నడిమి సంవత్సరములు వాని ఖాతాలో లోటుగానే కనబడును.

2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అను పదవిని కల్పించి, పదునైదేండ్ల అనుభవముగల వృత్తినిపుణులు డాక్టరేటు లేకున్నను బోధింపవచ్చునని ప్రకటించుట స్వాగతార్హము. కాని ఆ పదవులు మొత్తములో పదింట నొకవంతు మించరాదు, కాలపరిమితి సాధారణముగా మూడేండ్లు, గరిష్ఠముగా నాలుగు. గని నుండి కళాశాలకు ఒక చిన్న ద్వారము తెరచినారు. అది అతిథిగృహపు ద్వారము. కళాశాల నుండి గనికి పోవు మార్గమును గూర్చి అందులో మాటలేదు. ముప్పదియేండ్ల యువ అధ్యాపకుడు రెండేండ్లు రామగుండముననో శ్రీరాంపురముననో గనిలో ఉద్యోగిగా పనిచేసి, జ్యేష్ఠతకు భంగము లేకుండ తిరిగి తన తరగతికి వచ్చుటకు వీలు కల్పించు నియమమే నాకు కావలసినది. ఫస్ట్ క్లాస్ మేనేజరు సర్టిఫికెట్ సంపాదించిన తెలివైన యువకుడు కంపెనీ ఉద్యోగమునే కోరుకొనుటలో వింతలేదు. అక్కడ జీతమును అధికారమును కలవు. ఆ యువకునికి కళాశాలలోను, కళాశాలలోనివానికి గనిలోను కాలు మోపుటకు చోటుండినప్పుడే ఈ విద్య ఎదుగును.

ఈ విద్య మన గడ్డకు పరాయిదనుకొనుట పొరబాటు. 1871లో విలియం కింగ్ ఇల్లందు పరిసరములలో బొగ్గును కనుగొన్న నాటినుండి, 1889లో త్రవ్వకము మొదలైన నాటినుండి, సింగరేణి కార్మికుడు రాతిని చదువుచునే యున్నాడు. పని మొదలుపెట్టుటకు ముందు కడ్డీతో కప్పును తట్టి, గణగణ మ్రోగినచో గట్టిదని, బోలుగా పలికినచో పొర విడినదని పోల్చుకొను సపోర్టు కార్మికుని చెవి, ఏ పరికరమునకును తీసిపోని పరీక్షాసాధనము. 1980ల చివర ధన్‌బాదులో వెంకటేశ్వర్లు, ఘోష్, రాజు అను పరిశోధకులు భారతీయ బొగ్గు గనుల కప్పులకు ప్రత్యేకముగా ఒక వర్గీకరణమును రూపొందించిరి. దక్షిణాఫ్రికాలో బీనియావ్‌స్కీ 1973లో ప్రతిపాదించిన పద్ధతిని యథాతథముగా దించుకొనక, మన గనులలోని కప్పులను పరిశీలించి, పొర మందమునకు నూటికి 30, పగుళ్ల స్వరూపమునకు 25, నీరు తగిలినప్పుడు రాయి చివికిపోవు గుణమునకు 20, రాతి బలమునకు 15, భూగర్భజలమునకు 10 పాళ్లు కేటాయించిరి. ఇందులో నన్నాకర్షించునది, ప్రయోగశాల ఎక్కువగా కొలుచు రాతి బలమునకు లభించిన స్వల్పభాగము. పలుచని పొరలుగా విడిపోవు షేలు, ఎంత గట్టిదైనను, కప్పుగా నిలువదను సంగతి తట్టిచూచు కార్మికునికి ముందే తెలియును. ఆ జ్ఞానమును అంకెగా మలచుటకు గనిలో తిరిగిన పరిశోధకుడు కావలసివచ్చెను.

ఇప్పుడు సలమోన్ సేకరించిన ఇరువదియేడు పిల్లర్ల వద్దకు మరలుదము. మన దేశపు భూగర్భ బొగ్గు గనులలో కప్పు కూలుట చిరకాలముగా కార్మికుల ప్రాణములను తీయుచున్న ముఖ్యకారణములలో నొకటి. మరణము సంభవించినప్పుడు గనుల భద్రతా డైరెక్టరేటు విచారణ జరుపును. ఎవరిది తప్పు, ఏ నిబంధన ఉల్లంఘింపబడినది అని తేల్చును. అది న్యాయమునకు అవసరము. ఐతే శాస్త్రమునకు కావలసిన ప్రశ్నలు వేరు. ఏ పొర, ఎంత మందము, ఎన్ని రోజుల క్రిందట తెరచిన తావు, బోల్టులు ఎంత దూరమున నాటిరి, నీరెంత, కూలుటకు ముందు కదలిక ఎంత అను వివరములు విచారణ పత్రములో దొరకినను, అవి దస్త్రములోనే నిలిచిపోవును. రాత్రి పాళీలో ఎవరును లేనప్పుడు కూలి, మరునాడు ఎత్తివేయబడిన కప్పుల వృత్తాంతము ఓవర్‌మాన్ రిపోర్టు పుస్తకమును దాటి తరగతిగదివరకు వచ్చుట అరుదు. అదృష్టవశమున ఎవరినీ చంపని ఆ పతనములే శాస్త్రమునకు అత్యంత విలువైన దత్తాంశములు. ఒక్క ప్రాణము పోకుండ లభించిన జ్ఞానము అది.

సింగరేణి బొగ్గులో అధికభాగము ఇప్పుడు ఓపెన్‌కాస్టుల నుండి వచ్చుచున్నది గనుక ఈ భయము తొలగినదని కొందరందురు. ఓపెన్‌కాస్టు గోడయు, దాని ప్రక్క కొండలవలె లేచు పైమట్టి గుట్టయు (ఓ.బి. డంపు), వేరొక విధమున కూలును. 2016 డిసెంబరు 29వ తేదీన జార్ఖండులోని రాజ్‌మహల్ ఓపెన్‌కాస్టులో, లాల్‌మాటియా వద్ద, మట్టిగుట్ట జారి 23 మంది కార్మికులు యంత్రములతో సహా పూడిపోయిరి. అంతకు మూడేండ్లకు ముందు, 2013 ఏప్రిల్ 10వ తేదీ రాత్రి, అమెరికాలోని బింగమ్ కాన్యన్ రాగి గనిలో సుమారు పదునైదు కోట్ల టన్నుల రాయి రెండు విడతలుగా జారెను. ఒక్కరికిని గాయమైనను కాలేదు. గోడ కదలికను నెలల ముందునుండియే రాడార్లతో, ఇతర పరికరములతో కొలుచుచుండిరి. కదలిక వేగము హెచ్చుటను చూచి ఆ దినమున మనుష్యులను ముందుగనే వెలుపలికి పంపిరి. గోడకు ఎదురుగ నిలిపి మిల్లీమీటరు కదలికను సైతము పసిగట్టు ఆ జాతి రాడారు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమున పరిశోధనగా మొదలై, గనులలో పరీక్షింపబడి, పరిశ్రమగా ఎదిగినది. ఆచార్యునికి గనిలో ప్రవేశముండుటవలన కలుగు ప్రయోజన మెట్టిదో ఈ రెండు దినములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో తెలియును. మన ప్రాంతమున కష్టము ఇంకొక విధముగ గూడ కలదు: అనేక ఓపెన్‌కాస్టులు తాతలనాటి భూగర్భ గనుల మీదుగా సాగుచున్నవి, గోడ వెనుక పాత గ్యాలరీలు, నీరు నిలిచిన ఖాళీలు దాగియుండును. అట్టి గోడను గూర్చి పరదేశపు గ్రంథములో సిద్ధమైన సమాధానము దొరకదు. ఇక్కడివారే కొలిచి, ఇక్కడివారే వ్రాయవలెను.

నా వాదమునకు ఒక గట్టి ఆక్షేపణ కలదు. దానిని తేలికగా త్రోసివేయలేను. కంపెనీ గనిలో తిరుగుచు, కంపెనీ ధనముతో పరిశోధించు ఆచార్యుడు, కార్మికుడు మరణించిన దినమున ఎవరి పక్షమున నోరు విప్పును? సలహాకై పుచ్చుకొన్న రుసుము వాని కలమును కట్టివేయదా? ఈ భయము నిజమైనది, కార్మిక సంఘములవారు దీనిని వ్యక్తము చేసిన యెడల నేను వారితోనే నిలుతును. అందుచేతనే ఒప్పందము ప్రతిదానిలోను, సేకరించిన కొలతలను నిర్ణీత కాలములో ప్రకటించు హక్కు విశ్వవిద్యాలయమునకు మిగిలియుండవలెను. ప్రకటించుటకు వీలులేదను షరతు గల పనిని ఆచార్యుడు స్వీకరింపరాదు. సలమోన్ సూత్రమునకు ప్రామాణికత కలిగినది ఆ నూట యిరువదియైదు ఉదాహరణములు బహిరంగముగా నిలిచినందువలననే. ఎవరైనను తీసికొని తిరిగి లెక్కింపవచ్చును, తదుపరి తరములవారు లెక్కించిరి కూడ.

సింగరేణి ప్రధాన కార్యాలయము, కొత్త విశ్వవిద్యాలయము ఒకే పట్టణములో నున్నవి. గనుల విద్యాలయమునకు గని ఇంత చేరువనుండుట గొప్ప సదవకాశము. సంస్థలో మూలధనము నూటికి ఏబదియొక పాళ్లు రాష్ట్ర ప్రభుత్వముది. విశ్వవిద్యాలయమును ఆ ప్రభుత్వముదే. కావున ఎవరి అనుమతికొరకును వేచియుండవలసిన పనిలేదు. పూర్వపు రికార్డులతో మొదలుపెట్టి, ప్రతి గనిలోను కూలిన కప్పు, నలిగిన పిల్లరు, జారిన బెంచి, ప్రాణనష్టము జరిగినను జరుగకున్నను, పేర్లు తొలగించి, కొలతలు నిలిపి, నెలకొకమారు విశ్వవిద్యాలయమునకు పంపవలెనని సంస్థ స్ట్రాటా కంట్రోల్ విభాగమునకు ఒక ఉత్తరువు జారీచేయవచ్చును. వాటిని స్వీకరించి, స్థలమునకు పోయి సరిచూచి, ఏటేట ప్రకటించుట ఒక ఆచార్య పదవికి విధిగా నిర్ణయింపవచ్చును. ఆ ప్రకటనను పదోన్నతి లెక్కలో పత్రములతో సమానముగా పరిగణింపవచ్చును. ఆ పదవికి దరఖాస్తు చేయువాడు భూగర్భములో కనీసము మూడేండ్లు పనిచేసి యుండవలెననియు, పదవిలో చేరిన పిదపను ప్రతి ఐదేండ్లలో ఒక యేడు గనిలో గడపవలెననియు తొలి నియామక ప్రకటనలోనే వ్రాయించుటకు విశ్వవిద్యాలయ పాలక మండలి ఒక్కమారు సమావేశమైన చాలును.